ఇంటి సాలెపురుగులు: విషం, గుర్తింపు, జాగ్రత్తలు

సాలెపురుగు కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లుంటే దీనికి ఎనిమిది. తేలు, గోమారి చేరే అరాక్నిడా తరగతిలోనే ఇదీ చేరుతుంది. తల, రొమ్ము ఒకటిగా కలిసిన ముందు భాగం, దానికి సన్నని నడుముతో అతుక్కున్న పొట్ట, ఇంతే శరీరం. రెక్కలుండవు, మీసాలుండవు. చాలా జాతులకు ఎనిమిది కళ్లు, కొన్నిటికి ఆరు. ఈ కళ్ల లెక్క ముందుముందు అక్కరకు వస్తుంది. ప్రపంచంలో ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన సాలెపురుగు జాతులు యాభై వేలు దాటాయి.

వీటిలో దాదాపు అన్నిటికీ విషం ఉంది. యులోబొరిడే వంటి ఒకటి రెండు కుటుంబాలకు మాత్రమే విషగ్రంథులు లేవు. కాబట్టి గోడమీద కనిపించిన ప్రాణిని చూపించి ‘ఇది విషపురుగేనా?’ అని అడిగితే, అవునన్నదే సరైన జవాబు. ఆ జవాబు వల్ల ఇంటివాళ్లకు ఒరిగేది మాత్రం ఏమీ లేదు. ఆ విషం ఈగనూ బొద్దింకనూ పడగొట్టడానికి తయారైనది. మనిషి ఒంటికి హాని జరగాలంటే మూడు కుదరాలి. కోరలు మన చర్మంలో దిగేటంత పొడవుండాలి. దిగిన విషం తగినంత ఉండాలి. ఆ విషంలో క్షీరదాల నరాల మీదనో కణాల మీదనో పనిచేసే పదార్థం ఉండాలి. ఈ మూడూ కుదిరిన జాతులు యాభై వేలలో చాలా కొద్ది. వైద్యులు నిజంగా పట్టించుకునేవి ప్రధానంగా నాలుగైదు గుంపులకు చెందినవే: విడో సాలెపురుగులు, రెక్లూజ్‌లు, ఆస్ట్రేలియా ఫనెల్‌వెబ్‌లు, బ్రెజిల్‌లో తిరిగే ఫోన్యూట్రియాలు, ఆఫ్రికా ఎడారుల్లోని ఆరుకళ్ల ఇసుక సాలెపురుగులు.

మన ఇళ్లలో ఉండేవి

తెలుగు ఇళ్లలో పండుగ ముందు బూజుకర్ర ఎత్తితే కిందపడేవాటిలో ఎక్కువ భాగం ఫోల్సిడే కుటుంబానివి. వెంట్రుకల్లాంటి పొడుగాటి కాళ్లు, చిన్న పొట్ట, మూలల్లో చిందరవందరగా అల్లిన గూడు. ఊదితే గూటితో సహా గిరగిరా ఊగిపోతుంది. ‘ప్రపంచంలోకెల్లా గొప్ప విషం దీనిదే, కోరలు చిన్నవి కావడంతో బతికిపోతున్నాం’ అన్న మాట చాలా దేశాల్లో చలామణీలో ఉంది. దానికి ఆధారమేమీ లేదు.

ఎక్కువ భయపెట్టేది హంట్స్‌మన్. శాస్త్రీయ నామం హెటెరోపోడా వెనటోరియా. కాళ్లు చాపితే అరచేయంత ఉంటుంది, బల్లపరుపుగా ఉంటుంది, పీతలా పక్కకు పరుగెత్తుతుంది. గూడు అల్లదు. రాత్రి స్నానాలగదిలో లైటు వేయగానే గోడమీద ఠక్కున ఆగిపోయి కనిపించేది ఇదే. ఆడది గుడ్లసంచిని గుండ్రని తెల్ల బిళ్లలా పొట్టకింద పట్టుకుని తిరుగుతుంది. దీని ముఖ్యాహారంలో బొద్దింక ఒకటి. చేత్తో నొక్కితే కరుస్తుంది, కందిరీగ కుట్టినట్టు మండుతుంది, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. రూపం చూసి చీపురుదెబ్బకు బలైపోయే ప్రాణుల్లో దీనికి జరిగినంత అన్యాయం మరొకదానికి జరగలేదు.

పగటిపూట కిటికీ అంచున గెంతుతూ, తల తిప్పి మనల్ని చూస్తున్నట్టుండేవి గెంతుడు సాలెపురుగులు. ముందువైపు పెద్ద కళ్లు రెండు వీటి గుర్తు. ఇవి చెట్లమీదా ఇళ్లలోనూ ఈగల్ని వేటాడతాయి, నిరపాయకరమైనవి. చెట్టు బెరడుమీద, పాత గోడమీద కలిసిపోయి, వెనక రెండు తోకలున్నట్టు కనిపించేది హెర్సిలియా. పెరట్లో మొక్కల మధ్య ఎక్స్ ఆకారపు తెల్లని దారపు కుట్టు వేసుకుని కూర్చునేది ఆర్జియోపీ. తోటల్లో పసుపు రంగు మెరుపుతో పెద్ద వలలు పన్నేది నెఫిలా. చూడటానికి ఎంత పెద్దదైనా నెఫిలావల్ల మనిషికి వచ్చే కష్టం ఏమీ లేదు.

కాస్త జాగ్రత్తగా చూడవలసింది కైరకాంథియం. లేత పసుపో లేత ఆకుపచ్చో రంగు, నల్లబారిన కోరల కొసలు. ఆకులు మడిచిన చోట, ఒక్కోసారి కర్టెన్ మడతల్లో, గోడకూ కప్పుకూ మధ్య తెల్లని పట్టుసంచి కట్టుకుని పగలంతా అందులో ఉంటుంది. రాత్రి తిరుగుతుంది కనుక పక్కబట్టల్లో చిక్కి కరవవచ్చు. నొప్పి, వాపు బాగానే ఉంటాయి. ప్రాణభయం లేదు.

గుత్తి టరాంటులా

ప్రపంచ సాలెపురుగుల చరిత్రలో తెలుగునేలకు ఒక ప్రత్యేక పుట ఉంది. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్, అనంతపురం ప్రాంతంలోని గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక నమూనాను చూసి, పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. లోహపు మెరుపుగల నీలం రంగు, కాళ్లమీద పసుపు మచ్చలు. తరవాత వందేళ్లు అది మళ్లీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య తూర్పు కనుమల అడవిలో, పెద్ద చెట్ల తొర్రల్లో దొరికింది. గుత్తికి అది రైలెక్కి వచ్చి ఉంటుందనే అనుకుంటున్నారు. కలపదుంగల్లో దాక్కుని వచ్చిన ప్రయాణికురాలి పేరుకు ఊరిపేరు అతుక్కుపోయింది. ఈ జాతి ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదపు అంచున ఉన్నవాటి జాబితాలో ఉంది. అడవి తరిగిపోవడం ఒక కారణం, రంగు చూసి పెంచుకునేవాళ్లకోసం జరిగే అక్రమ వ్యాపారం మరొకటి. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు.

అమెరికా ఖండపు టరాంటులాలు పొట్టమీది నూగును కాళ్లతో రాల్చి శత్రువు కళ్లలో కొడతాయి. మన ఖండపువాటికి ఆ ఆయుధం లేదు. బదులుగా కాటు ఘాటుగా ఉంటుంది. పొయిసిలోథీరియా కరిస్తే తీవ్రమైన నొప్పితోపాటు కండరాలు పట్టేయడం రోజుల తరబడి సాగవచ్చని, విదేశాల్లో వాటిని పెంచుకుని కాటు తిన్నవాళ్ల వైద్య నివేదికలు చెబుతున్నాయి. నల్లమల చుట్టుపక్కల పొలాల్లో, పాత చెట్ల దగ్గర, బొరియల్లో కనిపించే రోమాల పెద్ద సాలెపురుగును చేత్తో ముట్టకుండా వదిలేయాలి. దానిని చంపడం అవసరం లేదు, ఫోటో తీసి ఊరంతా భయపెట్టడమూ అవసరం లేదు.

విడో సాలెపురుగులు

లాట్రోడెక్టస్ ప్రజాతికి చెందినవి. వీటిలో ఆడదే ప్రమాదం. మగది చాలా చిన్నది. ఆడదాని శరీరం సుమారు ఒక సెంటీమీటరు, నిగనిగలాడే గుండ్రని పొట్ట, పొట్ట అడుగున డమరుకం ఆకారపు ఎర్ర మచ్చ. ఆస్ట్రేలియా రెడ్‌బ్యాక్‌కు వీపుమీద కూడా ఎర్రచార ఉంటుంది. అమెరికా బ్లాక్ విడోది నల్లని నలుపు. ప్రపంచమంతటికీ పాకిపోతున్న బ్రౌన్ విడో గోధుమరంగులో ఉండి, డమరుకం నారింజరంగులో ఉంటుంది. దీని గుడ్లసంచి చుట్టూ ముళ్లు పొడుచుకుని ఉంటాయి. పురుగు కనబడకపోయినా ముళ్ల ఉండలాంటి ఆ సంచి కనబడితే గుర్తుపట్టేయవచ్చు. ఈ బ్రౌన్ విడో భారతదేశంలోనూ నమోదైంది. కాటు మాత్రం నల్లదానికన్నా సాధారణంగా తేలిక.

ఇవి ఇల్లంతా తిరగవు. పూలకుండీ అంచుకింద, ప్లాస్టిక్ కుర్చీ అడుగున, వాడని బైకు సీటుకింద, ఇటుకల గుట్టలో, కట్టెలమోపులో నేలకు దగ్గరగా గట్టి దారాలతో గజిబిజి వల పన్ని కూర్చుంటాయి. ఆ దారం తెంపితే చిటపటమంటుంది. మనిషి చేయి చూడకుండా దూర్చి నలిపితేనే కరుస్తాయి. ఇంటి వెనక మరుగుదొడ్లు వాడిన రోజుల్లో అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ చాలామందికి కాట్లు పడింది వాటిలో కూర్చునే బల్లకింద నుంచే.

కాటు మొదట సూది గుచ్చినంతే. పావుగంట నుంచి గంటలోపు నొప్పి పెరిగి పైకి పాకుతుంది. విషంలోని ఆల్ఫా-లాట్రోటాక్సిన్ నరాల చివర్లలో దాచివున్న సంకేత రసాయనాలన్నిటినీ ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది. దాంతో కండరాలు బిగుసుకుంటాయి, పొట్ట చెక్కలా గట్టిపడుతుంది, చెమటలు కారతాయి, రక్తపోటు పెరుగుతుంది. పొట్ట బిగుతు చూసి అపెండిక్స్ అనుకునే ప్రమాదమూ ఉంది. మరణం చాలా అరుదు. ఆస్ట్రేలియాలో రెడ్‌బ్యాక్ విరుగుడు 1956లో వచ్చింది. 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మామూలు నొప్పిమందులకు ఆ విరుగుడు కలిపినందువల్ల పెద్దగా అదనపు మేలు కనబడలేదు. అప్పటినుంచి దాన్ని ఇవ్వడంలో అక్కడి వైద్యులు ఆచితూచి వెళుతున్నారు.

రెక్లూజ్, దాని అపఖ్యాతి

లోక్సోసెలెస్ రెక్లూసా అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాల సాలెపురుగు. కాన్సస్, మిస్సోరి, ఓక్లహోమా, ఆర్కాన్సా, టెక్సాస్‌లో పుష్కలం. డల్లాస్‌లోనూ సెయింట్ లూయిస్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పొరుగు జీవి. కాలిఫోర్నియా దీని సహజ నివాసం కాదు. అయినా ఏ పుండు లేచినా అక్కడివాళ్లు దీని పేరే చెబుతుంటారు. వీపుమీద వయొలిన్ ఆకారపు మచ్చ ఉంటుందని అందరికీ తెలుసు. ఆ మచ్చను నమ్ముకుంటే పొరపడతాం, చాలా మామూలు సాలెపురుగుల మీదా అలాంటి మచ్చలుంటాయి. నమ్మదగింది కళ్ల లెక్క: రెండేసి చొప్పున మూడు జతలు, మొత్తం ఆరు. కాళ్లమీద ముళ్లుండవు, పొట్ట ఒకే రంగు. మన ఇళ్లలో ఉండే ఉమ్మి సాలెపురుగు స్కైటోడెస్‌కూ ఆరుకళ్లే, కానీ దాని ముందుభాగం గూనిలా ఉబ్బి ఉంటుంది. జిగురు చిమ్మి పురుగుల్ని పట్టే ఆ ప్రాణివల్ల మనకు ప్రమాదం లేదు. రెక్లూజ్‌ల బంధువైన మధ్యధరా రెక్లూజ్ ఓడసరుకుల వెంట చాలా దేశాలకు చేరింది, భారతదేశంలోనూ దాని ఉనికి నమోదైంది.

రెక్లూజ్ విషంలో స్ఫింగోమైలినేజ్-డి అనే ఎంజైము చర్మకణాల పొరను దెబ్బతీస్తుంది. కొందరిలో కాటుచోట నడుమ నీలంగా, చుట్టూ తెల్లగా, ఆ చుట్టూ ఎర్రగా మారి, తరవాత నల్లని పెచ్చు కట్టి నెమ్మదిగా మానుతుంది. ఎక్కువ కాట్లు అంతదూరం పోకుండానే తగ్గిపోతాయి. పిల్లల్లో అరుదుగా ఎర్రరక్తకణాలు పగిలిపోవడం జరుగుతుంది. భయపడవలసింది దానికి.

దీని పిరికితనానికి రుజువుగా చెప్పుకునే ఉదాహరణ కాన్సస్ రాష్ట్రంలోని లెనెక్సాలో ఉంది. నలుగురున్న ఒక ఇంట్లో ఆరునెలల్లో 2,055 బ్రౌన్ రెక్లూజ్‌లను పట్టారని 2002లో ప్రచురితమైంది. ఆ ఇంట్లోవాళ్లకు ఒక్క కాటు కూడా పడలేదు. కరవడానికి ఇష్టపడని ప్రాణి రెండువేలకు పైగా ఉన్న ఇంట్లోనే కాట్లు లేకపోతే, దాని నీడ కూడా లేని ఊళ్లలో ‘రెక్లూజ్ కాటు’ అన్న నిర్ధారణ ఎంత తేలిగ్గా చేస్తున్నారో ఆలోచించుకోవచ్చు. వాటిలో చాలావరకు స్టెఫిలోకాకస్ బాక్టీరియా పుట్టించిన కురుపులు. ఆస్ట్రేలియాలోనూ ఇదే కథ జరిగింది. తెల్లతోక సాలెపురుగు కాటుకు చర్మం కుళ్లిపోతుందని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2003లో రుజువైన 130 కాట్లను గమనించి చూస్తే, ఒక్కటీ కుళ్లలేదు.

సిడ్నీ ఫనెల్‌వెబ్

ప్రాణాంతకం అన్న మాటకు నిజంగా తగినది ఇది. అట్రాక్స్ రోబస్టస్ సిడ్నీ పరిసరాల్లోనే ఉంటుంది. వేసవి, శరత్తుల్లో మగవి ఆడవాటిని వెతుక్కుంటూ ఇళ్లలోకి, ఈతకొలనుల్లోకి వచ్చిపడతాయి. నీటిలో చాలాసేపు ప్రాణాలతో ఉండగలవు కనుక చచ్చిందనుకుని తీయబోతే ముప్పు. ఇక్కడ మగదాని విషమే ఆడదానికన్నా చాలా ఘాటు. 1927 నుంచి 13 మరణాలు నమోదయ్యాయి. 1981లో విరుగుడు అందుబాటులోకి వచ్చాక ఒక్క మరణమూ లేదు. విరుగుడు తయారీకి కావలసిన విషాన్ని ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్క్ సేకరిస్తుంది. జనం సీసాల్లో పట్టితెచ్చిన సాలెపురుగుల్నే పాలు పితికినట్టు పితుకుతారు.

సాలెపురుగు మీద పడే నిందలు

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం పై జాబితాలన్నిటికన్నా ముఖ్యమైనది. వర్షాకాలంలో మెడమీదో మోచేతి మడతలోనో గీతలా ఎర్రబారి, మండి, పొక్కులు లేస్తే ‘సాలెపురుగు పాకింది’ అంటారు. సాలెపురుగుకు ఆ సామర్థ్యం లేదు. దీనికి సాధారణ కారణం పెడెరస్ అనే చిన్న పురుగు. పొడుగాటి సన్నని శరీరం, నారింజ, నలుపు పట్టీలు. రాత్రి ట్యూబ్‌లైటు వెలుతురుకు వస్తుంది. కరవదు, కుట్టదు. ఒంటిమీద వాలినప్పుడు నలిపితే దాని శరీరద్రవంలోని పెడెరిన్ చర్మాన్ని కాలుస్తుంది. అందుకే గీతలా వస్తుంది, మడత రెండువైపులా అచ్చుపడుతుంది. పొక్కులు వెంటనే లేవవు, ఒకరోజు గడిచాక వస్తాయి. ఒంటిమీద అది కనబడితే ఊదేసి, ఆ చోటును సబ్బుతో కడిగితే చాలు. ఒకవైపే నడుముచుట్టూ పట్టీలా పొక్కులొస్తే అది సర్పి, వైరస్ వల్ల వచ్చేది. ముందే డాక్టరుకు చూపిస్తే మందులు బాగా పనిచేస్తాయి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు కట్లపాము విషయంలో జరుగుతుంది. అది రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు సరిగా కనబడదు. ఏదో పురుగు కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోతారు. తెల్లవారుజామున కడుపునొప్పి, తరవాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం. రాత్రి కుట్టిన దానికి రెప్పలు బరువెక్కితే, సాలెపురుగని సరిపెట్టుకోకుండా పాముకాటుగానే భావించి ఆసుపత్రికి పరుగెత్తాలి. తేలుకాటుకూ అంతే. ఎర్రతేలు పిల్లల ప్రాణం తీయగలదు. దానికి ప్రజోసిన్ మాత్రతో ప్రాణాలు నిలబెట్టవచ్చని చూపింది మహారాష్ట్ర మహాడ్ వైద్యుడు డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్.

2012లో అస్సాంలోని సదియాలో టరాంటులాల్లాంటి సాలెపురుగులు ఊరిమీద పడ్డాయన్న వార్త దేశమంతా తిరిగింది. ఇద్దరు చనిపోయారని చెప్పారు. వాళ్లు మొదట నాటువైద్యుల దగ్గరికి వెళ్లారు, గాయాన్ని బ్లేడుతో కోసి రక్తం తీశారు. సాలెపురుగు విషమే చంపిందని రుజువు కాలేదు. బ్లేడు చేసిన హానిని మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇంట్లో చేయదగినవి

పురుగుమందు కొట్టించడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. సాలెపురుగు కాలి కొసలమీద నడుస్తుంది, నేలమీది మందు దాని ఒంటికి అంటేది తక్కువ. చిమ్మిన మందుకు బొద్దింకలు చస్తే తిండిలేక కొన్ని పోతాయి, అంతే. అసలు పద్ధతి దాని తిండినీ దాపరికాన్నీ తగ్గించడం. గుమ్మం దగ్గర తెల్ల బల్బు బదులు పసుపు బల్బు పెడితే పురుగుల గుంపు తగ్గుతుంది, దాని వెనకే వచ్చే సాలెపురుగులూ తగ్గుతాయి. కిటికీలకు దోమల జాలీ, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ. అటకమీది అట్టపెట్టెలు, గోడవార కట్టెలు, పాత గోనెసంచులు తరచు కదిలించాలి. కదిలించేటప్పుడు చేతులకు మందపాటి తొడుగులు, కాళ్లకు చెప్పులు. చాలారోజులు వాడని బూట్లు, హెల్మెట్, రెయిన్‌కోటు దులిపి వేసుకోవాలి. మంచాన్ని గోడకు కాస్త జరిపి, దోమతెర అంచులు పరుపుకింద దోపుకుంటే సాలెపురుగులకే కాదు, కట్లపాముకూ అడ్డు.

హంట్స్‌మన్‌ను బయటికి పంపాలంటే గాజుగ్లాసు బోర్లించి, కింద అట్ట తోసి, ఎత్తి పెరట్లో వదలవచ్చు. విడో అని అనుమానముంటే చీపురుకర్రతో గూడు చుట్టి, గుడ్లసంచితో సహా తీసి తొక్కేయాలి. శ్రీకాళహస్తి స్థలపురాణంలో శివుణ్ణి కొలిచి ముక్తి పొందిన భక్తుల్లో సాలెపురుగూ ఉంది కనుక, పాపభీతి ఉన్నవాళ్లు హాని చేయని జాతుల దగ్గర దాన్ని పాటిస్తే మంచిదే.

కరిస్తే

కాటుచోటును సబ్బునీళ్లతో కడగాలి. గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టి తీస్తూ ఉండాలి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నామో చూసుకోవాలి. పురుగు చచ్చినా బతికినా వీలైతే ఫోటో తీసుకోవాలి, దానికోసం వెంటపడి మరో కాటు తినకూడదు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, సున్నం, పసరు పూయడం చేయకూడదు. గట్టి కట్టు అవసరమయ్యేది ప్రధానంగా ఫనెల్‌వెబ్ కాటుకు. అప్పుడు కాలు లేదా చేయి పొడవునా వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీ చుట్టి, కదలకుండా పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి. రెడ్‌బ్యాక్‌కు కట్టు కడితే నొప్పి పెరుగుతుంది.

నొప్పి కాటుచోటు దాటి పాకినా, పొట్ట బిగిసినా, విపరీతంగా చెమట పట్టినా, మూత్రం ముదురురంగులో వచ్చినా, జ్వరం వచ్చినా, రెండుమూడు రోజుల్లో మచ్చ నల్లబడుతూ పెద్దదైనా ఆసుపత్రికి వెళ్లాలి. చిన్నపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు అంతవరకు ఆగకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108, ఆస్ట్రేలియాలో విషసమాచార కేంద్రం 13 11 26, అమెరికాలో 1-800-222-1222. ఈ నంబర్లు ఫోన్‌లో ముందే దాచిపెట్టుకోండి.